ఖాళీ పట్టిక

ఆరేళ్ల కిందటి మాట. గురువారం మధ్యాహ్నం, ఓపీ సద్దుమణిగిన వేళ, గైనకాలజీలో చివరి ఏడాది చదువుతున్న ఒక పీజీ డాక్టరు నా గదికి వచ్చింది. ముందు రాత్రి డ్యూటీ చేసి, పొద్దున రౌండ్లు ముగించుకుని వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో పెన్‌డ్రైవ్. "డేటా అంతా అయిపోయింది మేడమ్. పి వాల్యూ ఒక్కటి వేసిస్తే చాలు. సోమవారం థీసిస్ ఇచ్చేయాలి" అంది.

పి వాల్యూ అంటే, నిజానికి తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె. రోగుల వివరాలన్నీ వరుసగా రాసిన మాస్టర్ చార్టు తెరిచాను. వయసు గడిలో ఒకచోట అంకె, ఇంకోచోట అంకె పక్కన "సం.", మరోచోట అక్షరాల్లో. హిమోగ్లోబిన్ విలువల్లో కొన్నిచోట్ల చుక్క బదులు కామా. ఇవన్నీ ఒక సాయంత్రం కూర్చుంటే సర్దుకునేవే. రక్తహీనత ఉన్న గర్భిణులకు ఇంజెక్షన్ ద్వారా ఇనుము ఇస్తే కాన్పు నాటికి హిమోగ్లోబిన్ ఎంత పెరుగుతుందో చూడాలన్నది ఆమె ప్రశ్న. 64 మంది పేర్లున్నాయి. మొదటి పరీక్ష గడి నిండుగా ఉంది. కాన్పు నాటి గడిలో సగం దాకా ఖాళీ.

"వీళ్ల సంగతేమిటమ్మా?"

"రాలేదు మేడమ్. చాలామందికి తొలి కాన్పు. పుట్టింటికి వెళ్లిపోయారు."

ఆ మాట విన్నాక కాసేపు నాకు నోట మాట రాలేదు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుందని తెలియనివారు మన వైపు ఎవరున్నారు? ఏడో నెలలో సీమంతం చేసి తీసుకువెళ్తారు. ఆ వెళ్లినవాళ్లంతా చిన్న వయసువాళ్లు, తొలిచూలు వాళ్లు. మిగిలినవాళ్లు రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్లు. అంటే ఉన్నవాళ్ల లెక్కతో వచ్చే జవాబు లేనివాళ్లకు వర్తించదు. ఏ సాఫ్ట్‌వేరూ ఆ ఖాళీని పూడ్చలేదు. ఏడాదిన్నరపాటు నైట్ డ్యూటీల మధ్య రక్తం తీసి, లేబుల్ అంటించి, ల్యాబు చుట్టూ తిరిగిన ఆ పిల్ల కష్టం అక్కడే ఆగిపోయింది.

మొదటి నెలలో ఎవరైనా పక్కన కూర్చుని "వీళ్లు కాన్పు ఎక్కడ చేసుకుంటారు?" అని అడిగి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ ప్రశ్నకు గణాంక శాస్త్రం అక్కరలేదు. గర్భిణుల ఓపీలో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న స్టాఫ్ నర్సు అడిగి ఉండేది. కానీ సినాప్సిస్, అంటే పరిశోధనకు ముందు ఇచ్చే ప్రణాళిక, రాసేటప్పుడు స్టాఫ్ నర్సు దగ్గరకు ఎవరు వెళ్తారు? నా దగ్గరకైనా ఎవరు వస్తారు?

నేను డాక్టరును కాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణాంక శాస్త్రం చదువుకుని, విశాఖలోనే ఒక వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో చేరాను. నా కొలువు పేరు స్టాటిస్టీషియన్ కం లెక్చరర్. 19 ఏళ్లయింది. మొదటి పదమూడేళ్లు, డేటా తెస్తే లెక్క వేసి ఇవ్వడమే నా పని అనుకున్నాను. ఎన్నో థీసిస్‌లకు అలా లెక్క వేసి ఇచ్చాను. ఆ ప్రశ్న అడగదగినదా, ఆ డేటా దానికి జవాబు చెప్పగలదా అని అడగలేదు. ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ గురువారం తర్వాత నా పని అది కాదని నిశ్చయించుకున్నాను.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1938లో కలకత్తాలో జరిగిన భారత గణాంక సదస్సులో ఆధునిక గణాంక శాస్త్రానికి పునాదులు వేసిన ఇంగ్లండు శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఈ మాటే చెప్పాడు. ప్రయోగం అయిపోయాక గణాంకవేత్తను సంప్రదించడమంటే శవపరీక్ష చేయమని అడగడమేననీ, ప్రయోగం దేనివల్ల చచ్చిపోయిందో మాత్రం అతను చెప్పగలడనీ అన్నాడు. రోజూ శవపరీక్షలు జరిగే ప్రాంగణంలో కూర్చుని చదివితే ఈ మాట మరీ గట్టిగా తగులుతుంది. మన దేశంలోనే, మన గడ్డ మీదే చెప్పిన మాట. 80 ఏళ్లు దాటినా మనం పెన్‌డ్రైవ్ పట్టుకుని శవపరీక్షకే వస్తున్నాం.

ఎందుకిలా జరుగుతోంది? పీజీలు బద్ధకస్తులా? అలా అనేవారితో నేను గట్టిగా విభేదిస్తాను. ఒక పీజీ కాలెండరు చూడండి. కోర్సు మూడేళ్లు. మొదటి ఏడాదిలో వార్డు పని నేర్చుకుంటూనే సినాప్సిస్ ఇవ్వాలి, రోగుల భద్రతనూ హక్కులనూ చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోవాలి. మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పని చేయాలి. చివరి పరీక్షకు ఆరు నెలల ముందు థీసిస్ సమర్పించాలి. ఇవన్నీ తీసేస్తే డేటా సేకరణకు మిగిలేది ఏడాది చిల్లర. ఆ ఏడాదిలోనూ వారానికి ఎన్ని రాత్రులు నిద్ర ఉంటుందో ఆ పిల్లలనే అడగాలి. ఇంత ఒత్తిడిలో ఉన్నవారికి, చేయదగ్గ ప్రశ్న ఏదో, చేయలేనిది ఏదో ముందే చెప్పే మనిషి లేకపోవడం అన్యాయం.

థీసిస్‌కు దారి చూపే అధ్యాపకులైన గైడ్లనూ నేను తప్పు పట్టను. ఓపీ వాళ్లదే, ఆపరేషన్లు వాళ్లవే, పాఠాలు వాళ్లవే, తనిఖీ బృందం వస్తే ఫైళ్లూ వాళ్లవే. పీజీకి గైడుగా ఉన్నందుకు వారంలో ఒక్క గంటయినా ఎవరూ తగ్గించరు. పదోన్నతికి ప్రచురణలు లెక్కిస్తారు తప్ప, ఒక విద్యార్థికి మంచి ప్రశ్న దొరికేదాకా ఎన్ని సాయంత్రాలు కూర్చున్నారో లెక్కించే గడి ఏ దరఖాస్తులోనూ లేదు. లెక్కలోకి రాని పనిని మంచి మనసున్నవాళ్లు మాత్రమే చేస్తారు. అలాంటివాళ్లు మా దగ్గరా ఉన్నారు. కానీ ఒక వ్యవస్థ కొందరి మంచితనం మీద ఎంతకాలం నడుస్తుంది?

"కోర్సులు పెట్టారు కదా" అంటారు. నిజమే. పీజీలందరూ ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి చెన్నై నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ నడిపే బయోమెడికల్ రీసెర్చ్ ప్రాథమిక కోర్సు ఆన్‌లైన్‌లో పూర్తి చేయాలి. నేనూ ఆ పాఠాలు చూశాను, చక్కగా చెప్పారు. అయితే ఈత గురించి ఎంత బాగా చెప్పినా, నీళ్లలో దిగిన రోజున ఒడ్డున ఒకరు నిలబడాలి. మా ఓపీకి వచ్చే గర్భిణి పుట్టింటికి వెళ్తుందన్న సంగతి చెన్నైలో రికార్డు చేసిన పాఠంలో ఉండదు, ఉండాలని అడగడమూ సబబు కాదు. అది ఇక్కడివాళ్లే చెప్పాలి.

పరిశోధనలో ఎంతమందిని తీసుకోవాలన్న శాంపిల్ సైజు సంగతి చూడండి. మా దగ్గరకు వచ్చే సినాప్సిస్‌లలో చాలావాటిలో ఒకే అంకె ఉంటుంది: 100. ఎందుకు అని అడిగితే "సీనియర్లు అంతే తీసుకున్నారు మేడమ్" అంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ఒక జబ్బు జనంలో సగం మందికి ఉందనుకుని, అటూ ఇటూ పది శాతం తేడాతో 95 శాతం నమ్మకంగా అంచనా వేయాలంటే 96 మంది సరిపోతారు. దాన్ని 100కు సరిచేశారు. అదే ఐదు శాతం తేడాతో కావాలంటే 384 మంది కావాలి. రెండు చికిత్సలను పోల్చి, ఒకదానిలో 20 శాతం మందికి వచ్చే ఇబ్బంది రెండోదానిలో 10 శాతానికి తగ్గిందని చూపించాలంటే ఒక్కో వైపు సుమారు 200 మంది ఉండాలి. అంటే మొత్తం 400. ఒంటరి పీజీకి ఏడాదిలో అది సాధ్యం కాదు. అలాంటప్పుడు ప్రశ్న మార్చుకోవాలి, లేదా ఇద్దరు ముగ్గురు పీజీలు, రెండు విభాగాలు కలిసి చేయాలి. ఈ మాట మొదటి వారంలో చెబితే సలహా అవుతుంది. చివరి వారంలో చెబితే శిక్ష అవుతుంది.

అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఇది నా సొంతం కాదు, విశ్వవిద్యాలయంలో మా మాస్టారు నేర్పింది. ఆయన దగ్గరకు ఏ ఆలోచనతో వెళ్లినా ముందు తెల్ల కాగితం, పెన్సిలు, స్కేలు చేతికిచ్చేవారు. "నీ పరిశోధన అయిపోయిందనుకో. ఫలితాల పేజీలో పట్టిక ఎలా ఉంటుందో గీయి. అంకెలు వద్దు. అడ్డ వరుసలకూ నిలువు వరుసలకూ పేర్లు రాయి, చాలు" అనేవారు. చూడటానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. గీస్తున్నప్పుడు తెలుస్తుంది అసలు కష్టం. నిలువు వరుసకు పేరు రాయలేకపోతే నీకు నీ ప్రశ్నే తెలియలేదన్నమాట. "కాన్పు నాటి హిమోగ్లోబిన్" అని రాసిన వెంటనే, ఆ అంకె ఎవరు తెస్తారు, ఏ ఊళ్లో, ఏ రోజున అన్న ప్రశ్న దానంతటదే పైకి వస్తుంది. ఖాళీ పట్టిక దగ్గర దాపరికం కుదరదు.

ఇప్పుడు గురువారాలు మధ్యాహ్నం రెండున్నర నుంచి నా గదిలో అదే పని. మొదట్లో ఒకరిద్దరు వచ్చేవారు. ఇప్పుడు బల్ల చుట్టూ కుర్చీలు చాలడం లేదు.

ఇంకో విషయం దగ్గర ఆగాలి, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవారు తక్కువ. పరిశోధనలో పాల్గొనే రోగికి చదివి వినిపించే సమ్మతి పత్రం. అది రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. చదువు రానివారు వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఎథిక్స్ కమిటీలో డాక్టర్లతో పాటు మామూలు పౌరుడు ఒకరు ఉండాలనే నియమం కూడా ఇందుకే. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ మా పీజీలు తెచ్చే తెలుగు పత్రాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇంగ్లీషు పత్రాన్ని ఫోనులో అనువదించి, అచ్చు తీసి తెస్తారు. "యాదృచ్ఛికీకరణ", "ప్రతికూల సంఘటన", "ఉపసంహరణ హక్కు". తెలుగు చదువుకున్న నాకే రెండుసార్లు చదివితే గాని ఎక్కని మాటలు.

ఒకసారి ఒక కుర్ర డాక్టరుతో కలిసి నేనూ వార్డుకు వెళ్లాను. మంచం మీద యాభై ఏళ్లు దాటిన మత్స్యకార స్త్రీ, చేపల రేవులో బుట్ట మోసే మనిషి. కాలి పుండు మానడం లేదు, షుగరు ఉంది. రెండు రకాల కట్లలో ఏది మేలో తేల్చే పరిశోధన. ఆ అబ్బాయి శ్రద్ధగా పత్రమంతా చదివాడు. ఆమె ప్రతి వాక్యానికీ తల ఊపింది. అయ్యాక వేలు చాచింది, ముద్ర వేయడానికి. నేను ఆపి, "అమ్మా, ఈ బాబు ఏం చెప్పాడో నీకు తెలిసింది చెప్పు" అన్నాను. ఆమె నవ్వి, "నాకేం తెలుసు తల్లీ, మీరు మంచే చేస్తారు కదా" అంది.

అప్పుడు మామూలు మాటల్లో చెప్పాం. కట్లు రెండు రకాలున్నాయి, ఏది మంచిదో మాకూ తెలియదు, ఎవరికి ఏది కట్టాలో మేం ఎంచుకోం అని. ఆమె క్షణం ఆలోచించింది. "చీట్లు వేసి తీస్తారా?" అని అడిగింది.

అవును, సరిగ్గా అదే. యాదృచ్ఛికీకరణ అనే ఆ కొండంత మాటలో ఉన్నదంతా ఆ మూడు మాటల్లో ఉంది. వెంటనే రెండో ప్రశ్న వేసింది. "నాకు పడిన కట్టు పని చేయకపోతే రెండోది కడతారా?" ఆ ప్రశ్నకు పత్రంలో జవాబు లేదు. అసలు పరిశోధన ప్రణాళికలోనే లేదు. ఆ సాయంత్రం ఆ అబ్బాయి తన ప్రణాళికలో ఒక పేరా చేర్చాడు, ఎథిక్స్ కమిటీకి సవరణ పంపాడు. ఆ పరిశోధనకు సలహాదారుల్లో ఆమె ఒకరని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవారికి, ఒడియా గాని, కువి అనే గిరిజన భాష గాని మాట్లాడేవారికి తెలుగు పత్రం కూడా పరాయి భాషే. ఆ భాష వచ్చిన మనిషిని పక్కన పెట్టుకోకుండా తీసుకున్న వేలిముద్రకు విలువ ఏముంది? ఇది పీజీ ఒక్కరి మీద వదిలేసే పని కాదు, విశ్వవిద్యాలయం చేయాల్సిన ఏర్పాటు.

"అందరు డాక్టర్లూ పరిశోధకులు కావాలా? రోగులను చూడటానికే చేతులు చాలడం లేదు" అని నా మిత్రులు కొందరు వాదిస్తారు. ఈ వాదనలో సగం ఒప్పుకుంటాను. శస్త్రచికిత్సలో అద్భుతమైన చేయి ఉన్న కుర్రాడి చేత బలవంతంగా ఒక పనికిరాని థీసిస్ రాయించడం అతనికీ రోగికీ మేలు చేయదు. వంద మంది సగం సగం చేసేకంటే ఇరవై మంది సరిగ్గా చేయడమే మంచిది, అది నా అభిప్రాయం. కానీ నియమం మారే దాకా వందమందీ రాయాల్సిందే కదా. రాయక తప్పనప్పుడు దిక్కులేకుండా వదిలేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. డబ్బు తీసుకుని థీసిస్ చేసిపెట్టేవాళ్లు ఉన్నారు. డబ్బు కడితే ఏదైనా అచ్చు వేసే పత్రికలూ ఉన్నాయి. పిల్లలకు నీతులు చెప్పి ఆ దారి మూయలేం. పక్కన కూర్చునే మనిషిని ఇస్తే వాళ్లలో చాలామంది ఆ వైపు చూడరు. ఇది నేను కళ్లారా చూసింది.

పైగా మన ప్రాంతపు ప్రశ్నలకు జవాబులు బయటివాళ్లు ఎప్పుడు తెచ్చిపెడతారని కూర్చుందాం? శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతే తీసుకోండి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీలు చెడిపోయినవాళ్లు ఏళ్ల తరబడి రైలెక్కి, బస్సెక్కి విశాఖ ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా ఎందుకిలా అన్న ప్రశ్నకు ఇప్పటికీ తిరుగులేని జవాబు లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కావలసిందే, చాలా అవసరం కూడా. అయితే ఆ కేంద్రంలో పదేళ్ల తర్వాత కూర్చోవలసినవాళ్లు ఈరోజు మన వార్డుల్లో మొదటి ఏడాది పీజీలుగా, మూడో ఏడాది ఎంబీబీఎస్ విద్యార్థులుగా తిరుగుతున్నారు. వాళ్లకు ప్రశ్న అడగడం ఇప్పుడు నేర్పకపోతే భవనం నేర్పుతుందా?

నేర్పితే ఏమవుతుందో చూపించడానికి దూరం వెళ్లనక్కరలేదు. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి ఇక్కడి ఆంధ్ర వైద్య కళాశాలలోనే చదివారు. 1923లో మొదలై ఈమధ్యే నూరేళ్లు నిండిన కళాశాల అది. ఆయన పేరు చెబితే గొంతు దగ్గర వాచే గాయిటర్ జబ్బూ, అయోడిన్ ఉప్పూ గుర్తుకొస్తాయి. 1956లో మొదలుపెట్టి హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఆయన బృందం చేసిన పరిశోధనను నేను మా పీజీలకు ఖాళీ పట్టికగానే గీసి చూపిస్తాను. లోయను మూడు మండలాలుగా విడగొట్టారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు. ఏళ్లు గడిచాక ఎక్కడ జబ్బు తగ్గిందో చూడాలి. మూడు అడ్డ వరుసలు, ముందు ఒకటి, తర్వాత ఒకటి, రెండు నిలువు వరుసలు. అంతే. ఎనిమిదో తరగతి పిల్లవాడికీ అర్థమయ్యే ఆ పట్టికను నింపడానికి ఏళ్లు పట్టింది. మనం తినే ఉప్పు పొట్లం మీద "అయోడైజ్డ్" అన్న మాట వెనుక ఆ పట్టిక ఉంది.

ఆయన ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్‌గా వెళ్లిన 1979లోనే, వైద్య విద్యార్థులకు రెండు నెలల చిన్న పరిశోధన చేసుకునే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ మొదలైంది. దానికి దరఖాస్తు చేయాలంటే గైడు ఉండి తీరాలి. ఏటా మా కళాశాలలో ఆసక్తి ఉన్న పిల్లలు నా గది ముందు నిలబడి అడిగేది ఒకటే: "మేడమ్, మమ్మల్ని ఎవరు తీసుకుంటారు?" తెలివికి కొదవలేదు. తీసుకునే చేతులే తక్కువ.

కనుక నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. కళాశాలలో ఒక గది. వారంలో నాలుగు మధ్యాహ్నాలు తెరిచి ఉండాలి. గణాంకాలు తెలిసినవారు ఒకరు, డేటా ఎలా భద్రపరచాలో చూపేవారు ఒకరు, రోగికి అర్థమయ్యే తెలుగులో రాయగలిగినవారు ఒకరు. గైడుగా ఉన్న ప్రతి అధ్యాపకునికీ వారంలో రెండు గంటలు ఓపీ నుంచి మినహాయింపు, ఆ గంటలకు పదోన్నతిలో విలువ. సినాప్సిస్ మీద గైడు సంతకం కంటే ముందు ఆ గదిలో గీసిన ఖాళీ పట్టిక జతపరచాలి. కొత్త భవనం అక్కరలేదు, విదేశీ యంత్రం అక్కరలేదు.

పేర్ల విషయంలోనూ ఒక మాట. పేపరు అచ్చయ్యే వేళకు, ప్రశ్న పుట్టినప్పుడు గాని డేటా తీసినప్పుడు గాని కనిపించని పేర్లు పైవరుసలో చేరుతుంటాయి. పని చేసి, రాతలో పాలు పంచుకుని, ఆఖరి ప్రతిని చదివి ఒప్పుకుని, అందులోని తప్పొప్పులకు పూచీ పడేవారికే రచయిత హోదా అని అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల నియమం. శిష్యుడి పేరు వెనక్కి నెట్టి తన పేరు ముందుకు తెచ్చుకునేవారిని గురువు అనకూడదు.

పెన్‌డ్రైవ్ తెచ్చిన ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ. ఆ మూడు రోజుల్లో మేమిద్దరం కూర్చుని, ఉన్నదాన్ని ఉన్నట్టుగా రాశాం. సగం మంది ఎందుకు తిరిగి రాలేదో థీసిస్‌లో దాచకుండా రెండు పేజీలు రాసింది. పి వాల్యూ గొప్పగా ఏమీ రాలేదు. పరీక్షకులు ఆ రెండు పేజీల గురించే ఎక్కువసేపు అడిగారట. ఇప్పుడు మరో జిల్లాలో అసిస్టెంట్ ప్రొఫెసర్. పోయిన గురువారం ఫోను చేసింది. తన దగ్గర చేరిన మొదటి పీజీ అదే ప్రశ్నతో వచ్చాడట, గర్భిణులు, రక్తహీనత. పట్టిక గీయించి ఫోటో పంపింది. నిలువు వరుసలు నాలుగు, స్కేలు పెట్టి గీసినవి. "పుట్టింటి ఊరు, ఫోను నంబరు, దగ్గరి ఆరోగ్య కేంద్రం" అని ఒక వరుస కొత్తగా ఉంది. దాని పక్క గడిలో పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టింది. పుట్టిల్లు ఒడిశాలో ఉన్నవాళ్ల రక్తం ఎవరు తీయాలి అని. నాకూ వెంటనే తోచలేదు. ఇచ్ఛాపురం దాటాక ఏ ల్యాబులున్నాయో కనుక్కుని వచ్చే గురువారం చెబుతానన్నాను.